అమ్మ పేరు మీద వెయ్యి మొక్కలు: డబ్బు ఎక్కడ పెడితే నిలుస్తుంది?

మాలతి_బద్వేలు | మే 18

అందరికీ నమస్కారం. అమ్మ పోయి ఆగస్టుకు ఏడాది అవుతుంది. ఆబ్దికం నాటికి ఆమె పేరు మీద ఏదైనా చేయాలని నేనూ తమ్ముడూ కలిసి 4 లక్షలు పక్కన పెట్టాం. నేను బెంగళూరులో ఉద్యోగం, వాడు అమెరికాలో స్థిరపడ్డాడు. మా ఊరు కడప జిల్లాలో, బద్వేలు నుంచి పోరుమామిళ్ల వెళ్లే వైపు. ఊరికి ఒక చెరువు ఉంది, అరవై ఎకరాల దాకా ఉంటుంది.

తమ్ముడు అన్నదానం చేద్దాం అంటాడు. నాకేమో చెరువు కట్ట పొడవునా మొక్కలు నాటించాలని ఉంది. అమ్మకు ఆ చెరువంటే ప్రాణం. నేను ఫోను చేస్తే, నా ఒంట్లో ఎలా ఉందో అడగడానికి ముందే మరవ (చెరువు నిండితే నీళ్లు పొర్లే అలుగు) పారిందో లేదో చెప్పేది.

ఒక సంస్థ వాళ్లతో మాట్లాడాను. మొక్కకు 350 రూపాయలు. వెయ్యి మొక్కలు నాటి, ఒక్కొక్క దానికి అమ్మ పేరుతో చిన్న రేకు కట్టి, ఫోటోలు పంపిస్తారట. ఇది మంచి పనేనా? ఇలా చేయించినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

---

నల్లరేగడి | మే 18

మాలతి గారూ, ఆ సంస్థ వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: ఆ 350లో నీళ్లు ఎన్ని వేసవులకు?

మాది అనంతపురం వైపు. నాలుగేళ్ల కిందట మా ఊళ్లో ఇలాగే ఎవరో దాత డబ్బుతో ఒక సంస్థ వచ్చి రెండు వేల మొక్కలు నాటింది. ఒక్క రోజులో! బడి పిల్లలు, టోపీలు, బ్యానర్లు, అందరికీ మజ్జిగ ప్యాకెట్లు. మరుసటి మార్చి నాటికి నేను లెక్కపెడితే నలభై కూడా లేవు. ఇనుప బోర్డు మాత్రం చెక్కుచెదరలేదు, మా ఆవు దానికే వీపు రుద్దుకుంటుంది.

లెక్క వేసి చూడండి. వేసవిలో మొక్కకు వారానికి ఒకసారి ఇరవై లీటర్లు పోయాలనుకుంటే, 5,000 లీటర్ల ట్యాంకరు 250 మొక్కలకు సరిపోతుంది. వెయ్యి మొక్కలకు వారానికి నాలుగు ట్యాంకర్లు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఇరవై వారాలు. అంటే ఏడాదికి ఎనభై ట్యాంకర్లు, కనీసం మూడేళ్లు. ఆ ఖర్చు ఎవరిది? నాటడం ఒక పూట పని. ఆ తర్వాత మూడేళ్ల మాట ఎవరూ ఎత్తరు.

---

ఓరుగల్లు_పంతులమ్మ | మే 19

నల్లరేగడి గారి అనుభవం నిజమే కావచ్చు, కానీ అందరినీ ఒకే గాటన కట్టవద్దు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి రామయ్య గారిని మరిచిపోతామా? వనజీవి రామయ్య. జేబు నిండా విత్తనాలు, సైకిలు, మెడలో ‘వృక్షో రక్షతి రక్షితః’ అన్న బోర్డు. ఏ సంస్థా లేదు, ఏ దాతా లేడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్లో పోయారు. ఖాళీ నేల కనిపిస్తే చాలు, విత్తనం వేయకుండా ముందుకు కదిలేవారు కాదు.

మా బడిలో మేం చేసింది చిన్న పని. ఒక్కో తరగతికి ఐదు మొక్కలే ఇచ్చాం. ఆ తరగతి పిల్లలు పై తరగతికి వెళ్తే మొక్కలు కూడా వాళ్లతోనే ‘పాస్’ అవుతాయి. మధ్యాహ్న భోజనం తర్వాత చేతులు కడిగిన నీళ్లే వాటికి ఆధారం. యాభైలో నలభై మూడు బతికాయి. వెయ్యి అన్న అంకె మీద మోజు తగ్గించుకుంటే దారి దొరుకుతుందని నా ఉద్దేశం.

---

కంచె | మే 19

అడవుల మీద పనిచేసినవాణ్ణి కాబట్టి కాస్త కటువుగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు.

మీ ప్రాంతంలో నేలకు మొక్కల కొరత కంటే కాపలా కొరత ఎక్కువ. మేకలు, మంట, గొడ్డలి ఈ మూడింటినీ ఆపితే చాలా చోట్ల పాత మోడుల నుంచి, నేలలో మిగిలిన వేళ్ల నుంచి చెట్లు వాటంతట అవే లేస్తాయి. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ వాళ్లు 1990 ప్రాంతంలో ఒక బీడు తీసుకుని మొదలుపెట్టినప్పుడు ప్రధానంగా చేసింది అదే: మంట పడకుండా, మేత పడకుండా కాయడం. వెళ్లి చూడండి, కళ్లతో చూస్తే నా మాట నమ్ముతారు.

ఇక ఏ మొక్క అన్నది రెండో సంగతి. సంస్థలకు త్వరగా పచ్చగా కనిపించేవి కావాలి, ఫోటో కోసం. తెలంగాణలో రోడ్ల వెంట కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు అలాగే వచ్చి పడింది, తర్వాత దాన్ని నాటవద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. మీ జిల్లాకైతే అంతకంటే పాత పాఠం ఉంది. సర్కారు తుమ్మ, మీరు కంపచెట్టు అంటారేమో. దాని విత్తనాలు జమైకా నుంచి తెప్పించి 1877లో నాటింది మీ కడప జిల్లా కమలాపురం ప్రాంతంలోనే. వంటచెరకు కొరత తీరుతుందని అప్పటి అటవీ అధికారులు మంచి మనసుతోనే తెచ్చారు. ఇప్పుడు మీ చెరువులోకి దిగి చూడండి, ఎన్ని ఎకరాలు అదే ఆక్రమించిందో.

వేప, కానుగ, చింత, నేరేడు, రావి. ఈ ఐదూ చాలు. డ్రోన్లతో విత్తన బంతులు జల్లిస్తామని ఎవరైనా వస్తే మాత్రం నమస్కారం పెట్టి పంపించేయండి.

---

మాలతి_బద్వేలు | మే 19

కమలాపురం సంగతి నాకు తెలియనే తెలియదు. మా చెరువులో సగం కంపే, నిజం. చిన్నప్పుడు అది మా ఊరి చెట్టే అనుకునేదాన్ని.

అయితే కట్ట మీద వేప, రావి నాటిస్తే సరేనా?

---

తూము_తలుపు | మే 20

అమ్మా మాలతీ, నేను చిన్న నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. కట్ట మీద రావి, మర్రి, వేప లాంటి పెద్ద చెట్లు నాటవద్దు. నీ మంచి కోసమే చెబుతున్నాను.

మట్టి కట్టలో పెద్ద చెట్టు వేరు లోపలికి పోతుంది. చెట్టు ఉన్నన్నాళ్లూ సరే. ఏ గాలివానకో చెట్టు పడిందనుకో, వేరు కుళ్లి సొరంగం మిగులుతుంది. నిండు చెరువు నీళ్లకు ఆ దారి చాలు. మొదట కట్ట వెనక చెమ్మ, తర్వాత ఊట, తర్వాత గండి. పందికొక్కులకు కూడా ఆ వేళ్ల సందులే ఇళ్లు. నేను ఉద్యోగంలో ఉండగా రెండు గండ్లు చూశాను, రెండిటికీ మూలం చెట్టే. చెట్లు కావాలంటే కట్టకు వెలుపల, కట్ట పాదానికి దూరంగా నాటించు. లేదా చెరువు ఎగువ గట్టున, నీరు నిలిచే హద్దు దాటాక.

అసలు నన్నడిగితే ముందు చూడాల్సింది చెట్లు కాదు. చెరువులోకి నీళ్లు తెచ్చే వరవ కాలువ ఎలా ఉంది? ఎప్పుడైనా దాని వెంట పైదాకా నడిచావా?

---

ఓరుగల్లు_పంతులమ్మ | మే 20

ఇంజనీరు గారూ, మా వైపు కట్టల మీద తాళ్లూ ఈతలూ ఎప్పటి నుంచో ఉన్నాయి కదా. వాటితో ఎన్ని కట్టలు తెగాయి?

---

తూము_తలుపు | మే 20

మంచి ప్రశ్న అమ్మా. తాటికీ ఈతకూ లావుపాటి తల్లివేరు ఉండదు, కుచ్చులాంటి వేళ్లు మట్టిని పట్టుకుని ఉంటాయి. పాతవాళ్లు తెలిసే ఊరుకున్నారు. నేను కాదన్నది రావినీ మర్రినీ. తాటిని ఎవరు వద్దంటారు! మనవళ్లకు ముంజలు కూడా దక్కుతాయి.

---

మాలతి_బద్వేలు | మే 21

లేదు సార్, కాలువ వెంట ఎప్పుడూ నడవలేదు. అది ఎక్కడ మొదలవుతుందో కూడా తెలియదు. అడిగితే సిగ్గుగా ఉంది.

పూడిక తీయిస్తే ఎలా ఉంటుంది? తెలంగాణలో మిషన్ కాకతీయలో అదే కదా చేశారు. 4 లక్షలతో ఎంత పూడిక తీయవచ్చు?

---

తూము_తలుపు | మే 21

సిగ్గెందుకు, ఊళ్లో ఉన్నవాళ్లే మరిచిపోయారు.

పూడిక లెక్క చెబుతాను. ఎకరం విస్తీర్ణంలో ఒక్క అడుగు లోతు మట్టి తీస్తే 43,560 ఘనపుటడుగులు. ట్రాక్టరు ట్రక్కుకు సుమారు వంద ఘనపుటడుగులు పడుతుంది. అంటే ఎకరానికి 435 ట్రాక్టర్లు. మీ చెరువు అరవై ఎకరాలు: ఒక్క అడుగుకే 26 వేల ట్రాక్టర్ల పైమాట. మీ డబ్బు రెండు మూడు ఎకరాల దగ్గర ఆవిరైపోతుంది.

2015లో మొదలైన మిషన్ కాకతీయ లక్ష్యం 46 వేల పైచిలుకు చెరువులు. అంత పెద్ద పనిలో కూడా ఒండ్రును పొలాలకు తోలుకుపోయింది చాలావరకు రైతులే, సొంత ఖర్చుతో. ఒండ్రు పడిన మడిలో ఎరువు ఖర్చు తగ్గుతుందని వాళ్లకు తెలుసు. కాబట్టి మీ ఊళ్లో కూడా మట్టి అవసరమైన రైతు తానే తోలుకుంటాడు. మీరు చేయాల్సింది అనుమతి ఇప్పించడం, ఎక్కడ తవ్వాలో గీత గీయించడం. కట్ట పాదం దగ్గర గుంతలు పెట్టనివ్వవద్దు. తూము మట్టానికి దిగువన తవ్వితే ఆ నీళ్లు పొలానికి పారవు, పశువులకూ బోర్ల ఊటకూ ఉపయోగపడతాయి, అంతే.

వరవ కాలువ అలా కాదు. రెండు మూడు కిలోమీటర్లు కంప కొట్టి, మేట తీస్తే, కొండ మీద పడ్డ వాన చెరువుకు చేరుతుంది. చెరువు ఎండడానికి కారణం చాలాసార్లు వాన కాదు, తెగిపోయిన దారి. ఫోటోకు మాత్రం ఏమీ కనిపించదు. ఒక గుంట. అంతకు ముందూ గుంటే, ఆ తర్వాతా గుంటే.

---

ప్రశ్నగుర్తు | మే 22

అందరూ మంచి సలహాలే ఇస్తున్నారు గానీ మూలం వదిలేస్తున్నారు. చెరువు ప్రభుత్వానిది. ఉపాధి హామీ పథకం 2006లో దేశం మొత్తానికి మొదలైందే మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. చెరువు పనులు ఆ పథకం కింద చేస్తూ వచ్చినవే కదా? నీటి సంఘాల చట్టం 1997 నుంచి ఉంది, 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చింది. ఇన్ని ఉండగా ఒక ఉద్యోగిని తల్లి జ్ఞాపకం కోసం దాచిన డబ్బు కాలువలో పోయడం ఏమిటి? దాత ఒకరు దొరికితే అధికారులు ఇంకో పదేళ్లు నిద్రపోతారు. అర్జీ పెట్టండి, గ్రామసభలో అడగండి. దానికి రూపాయి ఖర్చు లేదు.

---

తూము_తలుపు | మే 22

అర్జీ పెట్టాల్సిందే, కాదనను. కానీ చెరువు అంటే మొదటి నుంచీ సర్కారుదే అన్న భావన మన దగ్గర పాతది కాదు.

కొడుకు, చెరువు, కావ్యం, నిధి, గుడి, వనం, అగ్రహారం: ఈ ఏడింటినీ సప్తసంతానాలు అన్నారు. కడుపున పుట్టిన బిడ్డతో సమానంగా చెరువునూ తోటనూ లెక్కపెట్టారు. మాలతి అడిగే ప్రశ్నకు ఇంతకంటే దగ్గరి మాట నాకు తెలియదు.

దానికి సాక్ష్యం వాళ్ల ఊరి పక్కనే ఉంది. పోరుమామిళ్ల చెరువు. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని ఇంకో పేరు, తవ్వించాడు. శాసనం 1369 నాటిది, భైరవుడి గుడి దగ్గర రాతి పలకల మీద, సంస్కృత శ్లోకాల్లో. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు అందులో వరసగా చెప్పారు: ధర్మబుద్ధి ఉన్న రాజు, నీటి శాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, తియ్యని నీటి ఏరు, రెండు కొండల నడుమ కట్ట, దగ్గర్లో రాతి గని, పని తెలిసిన మనుషులు... తర్వాత ఆరు దోషాలు. కట్ట నుంచి ఊట, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దు, చెరువు నడుమ మెట్ట, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం. సరిహద్దును దోషాల్లో చేర్చాడు చూశారా! ఈనాటి జలవివాదాలు గుర్తుకు రావడం లేదూ?

ఇంకో సంగతి. చెరువు కట్టించినవాడికో బాగుచేసినవాడికో దాని కింది సాగులో పదోవంతు ఇచ్చేవారు. దశబంధం అంటారు. మీ కడప, చిత్తూరు జిల్లాల్లో దశబంధ ఇనాములు బ్రిటిష్ కాలం దాకా నడిచాయి. ఆ భూమి అనుభవించేవాడు ఏటా కట్ట, తూము చూసుకోవాలి. తవ్వించడంతో పుణ్యం పూర్తి కాదని, ఏటేటా మరమ్మతు చేసేవాడికి తిండి ఉండాలని వాళ్లకు తెలుసు. మన సంస్థల రసీదు పుస్తకాల్లో లేనిది ఆ గడే.

---

ఒడ్డోళ్ల_మనవడు | మే 23

పెద్దాయన చెప్పింది ఆసక్తిగా చదివాను. ఒక్క మాట చేర్చనివ్వండి.

అదే శాసనంలో రోజూ వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని ఉంది. ఆ వెయ్యి మందిలో ఎవరి పేరైనా ఉందా? రాజుకు సప్తసంతానం దక్కింది. మట్టి మోసినవాళ్లకు ఏం దక్కింది? మా తాత గడ్డపార పట్టినవాడు. ఆయన తవ్విన చెరువుల కింద మాకు సెంటు భూమి లేదు. దశబంధం కూడా గడ్డపార పట్టినవాడికి కాదు, పెట్టుబడి పెట్టగలిగినవాడికి. ఇనాములు 1956 చట్టంతో రద్దయ్యాయి, సరే. నీళ్లు వదిలే నీరుగంటికి రావలసిన మేర (పంటలో ఇచ్చే గింజల వాటా) కూడా చాలా ఊళ్లలో అప్పటి నుంచే సన్నగిల్లింది. ఆ పని చేసినవాళ్లు ఎక్కువగా దళితులు. జీతం ఆగింది, పని కూడా ఆగింది, చెరువు పాడైంది. ఇందులో ఆశ్చర్యం ఏముంది?

మాలతి అక్కా, మీరు ఏం చేసినా జేసీబీకి కాకుండా మనుషులకు కూలి వచ్చేలా చేయండి. కంప నరకడం, మేట తీయడం చేత్తో చేసే పనులే. ఆలస్యం అవుతుంది, కానీ డబ్బు ఊళ్లోనే ఉంటుంది.

---

కంచె | మే 23

పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను, ఒక చిన్న సవరణతో. కంపను కొడితే మళ్లీ రెట్టింపు చిగురిస్తుంది, మొద్దు వేరుతో సహా పెకలించాలి. దానికి కొన్ని చోట్ల యంత్రం తప్పదు. బొగ్గు కాల్చేవాళ్లను పిలిస్తే పై కొమ్మలు వాళ్లే కొట్టుకుపోతారు, కొన్ని పంచాయతీలకు ఎదురు డబ్బు కూడా ఇస్తారు. పొయ్యిలోకి కంపే దిక్కైన ఇళ్లు ఊళ్లో ఉంటే ఒక గట్టున కొంత వదిలేయండి. మనకు చెడ్డ చెట్టే, వాళ్లకు గ్యాసు బండ.

---

ప్రశ్నగుర్తు | మే 23

ఒడ్డోళ్ల మనవడు గారి మాట తర్వాత నా వాదన కొంత మార్చుకుంటున్నాను. కొంతే.

---

జమాఖర్చు | మే 24

పన్నుల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే చెబుతాను, ఇది నా వృత్తి.

సంస్థకు ఇస్తే ఆదాయపు పన్నులో 80జి అనే మినహాయింపు వస్తుందని వాళ్లు మీకు చెప్పి ఉంటారు. సంస్థకు ఆ నమోదు ఉండాలి, సాధారణంగా ఇచ్చిన దానిలో సగానికే మినహాయింపు. రెండు వేలకు మించి నగదు ఇస్తే అదీ లేదు. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే మొత్తానికే లేదు. కాబట్టి రసీదు ఆశ చూపి ఎవరైనా తొందరపెడితే లొంగవద్దు.

తమ్ముడి వాటా జాగ్రత్త. అమెరికాలో ఉన్నా భారత పాస్‌పోర్టే ఉంటే ఒక సంగతి. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, అతను ఇక్కడి సంస్థకు ఇచ్చేది విదేశీ విరాళం అవుతుంది. ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ నమోదు (విదేశీ విరాళాల చట్టం కింద) ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బును ఆ సంస్థ ఇంకో సంస్థకు మళ్లించకూడదు కూడా. ‘నా ఖాతాకు పంపితే నేను ఇస్తాను’ అన్న చుట్టుతిరుగుడు దారి నేను చెప్పను. ఇంట్లో ఆబ్దికం ఖర్చుకు అక్కకు పంపుకోవడం వేరే విషయం, అది మీ ఆడిటరుతో మాట్లాడుకోండి.

---

విస్తరాకు | మే 24

నాలుగు రోజులుగా చదువుతున్నాను. పాపం తమ్ముడి మాట ఒక్కరూ పట్టించుకోలేదు!

అన్నదానం అంత తేలికగా తీసేసేదా? నూరేళ్లకు పైగా కిందట లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు ఏ వేళ వచ్చినవాళ్లకైనా వండి పెట్టారు, గోదారి జిల్లాల్లో ఇప్పటికీ ఆమె పేరు చెప్పుకుంటారు. చెట్టు నీడ పదేళ్లకు వస్తుంది, ఆకలి ఇప్పుడే ఉంది.

కాకపోతే ఒక్క షరతు. మా ఊరి జాతరలో అన్నదానం అయిన మర్నాడు చెరువు గట్టు చూడండి: థర్మాకోల్ పళ్లాలు, ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు. పుణ్యం తిన్నవాళ్లది, చెత్త చెరువుది. పెట్టేదేదో అడ్డాకుల విస్తర్లలో పెట్టండి. ఆ ఆకు కుట్టి బతికే గిరిజన కుటుంబాలు మన్యంలో ఎన్నో ఉన్నాయి. తిన్నాక ఆకు పెంటకుప్పలో వేస్తే ఎరువు. నీళ్లకు స్టీలు గ్లాసులు, కడగడానికి ఇద్దరు మనుషులు. అంతే తేడా.

---

మాలతి_బద్వేలు | జూన్ 9

ఆలస్యానికి క్షమించండి. ఊరికి వెళ్లి వారం ఉండి వచ్చాను.

ముందుగా, సంస్థ వాళ్లకు నల్లరేగడి గారి ప్రశ్న పంపాను. నిర్వహణ స్థానిక ప్రజల భాగస్వామ్యంతో జరుగుతుందని బదులు వచ్చింది. ఆ స్థానిక ప్రజలు ఎవరని మళ్లీ అడిగాను. అప్పటి నుంచి జవాబు లేదు.

వరవ కాలువ వెంట నడిచాను. ఊళ్లో దాని దారి చెప్పగలిగినవాడు ఒక్కడే మిగిలాడు, పాత నీరుగంటి కొడుకు. నేను ‘మామా’ అని పిలిచే మనిషి. రెండు కిలోమీటర్లు, కంపలో చేతులు గీరుకుపోయాయి. మూడు చోట్ల పూర్తిగా పూడిపోయింది. ఒక చోట ఎవరో కాలువను చదును చేసి టమాటా వేశారు. ఆ టమాటా రైతుతో మామ మాట్లాడిన తీరు నేను ఇక్కడ రాయలేను, కానీ ఆయన పంట తీశాక వదిలేస్తానన్నాడు.

గ్రామసభలో మూడు గంటలు గడిచాయి. ప్రశ్నగుర్తు గారూ, మీరు చెప్పినట్టే అర్జీ కూడా పెట్టాం, అనుమతి కాగితం చేతికి వచ్చాకే పని. అందరికంటే గట్టిగా మాట్లాడింది మా చిన్నాన్న: ఊరి మంచి కోసం ప్రతివాడూ తన మేకను కట్టేసుకోవాలన్నాడు, చప్పట్లు కొట్టారు.

చివరికి తేలింది ఇది. నా వంతు 3 లక్షల 60 వేలు. కాలువ కంప, మేట పనికి 1 లక్షా 60 వేలు, మొద్దుల దగ్గర తప్ప యంత్రం లేదు. మొక్కలు వెయ్యి కాదు, అరవై. కట్ట వెలుపల, కంచె గారు చెప్పిన ఐదు రకాలు. కొట్టిన కంపతోనే ఒక్కో మొక్క చుట్టూ ముళ్ల కంచె. నీళ్లు పోయడానికి, కాలువ చూడడానికి మామకు నెలకు 4 వేలు, మూడేళ్లకు 1 లక్షా 44 వేలు. మిగిలిన 56 వేలు బ్యాంకులో, తూము తలుపు మరమ్మతుకు. అన్నదానం తమ్ముడిదే, విస్తరాకులోనే. రేకుల మీద పేర్లు వద్దనుకున్నాం.

---

తూము_తలుపు | జూన్ 9

పేరు రేకు వద్దన్నావు, బాగుంది. కానీ ఆ కాలువ దారి మీ మామ తర్వాత ఎవరికి తెలుస్తుంది? ఒక పటం గీయించి పంచాయతీ గోడకు పెట్టించు. రెవెన్యూ రికార్డులో కాలువ ఏ సర్వే నంబర్లలో పోతోందో చూసి దాని మీద రాయించు. టమాటాలు మళ్లీ వస్తాయి.

---

ఒడ్డోళ్ల_మనవడు | జూన్ 10

కూలి ఎంత ఇచ్చారో, ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకటే ఇచ్చారో లేదో కూడా రాయండి అక్కా.

---

మాలతి_బద్వేలు | జూన్ 10

మొదట ఒకటి కాదు. మేస్త్రీ ఆడవాళ్లకు వంద తక్కువ చెప్పాడు. సమానం చేస్తేనే పని అన్నాను. ఇంట్లో కొందరు ముఖం ముడుచుకున్నారు, తర్వాత మా చేలల్లో కూడా అదే అడుగుతారని.

---

మాలతి_బద్వేలు | నవంబరు 21

ఎవరైనా ఈ చర్చను ఇంకా చూస్తున్నారా?

ఆబ్దికం అయింది. విస్తర్లు బాగున్నాయి, స్టీలు గ్లాసులు పదకొండు కనిపించకుండా పోయాయి. అక్టోబరు చివర నాలుగు రోజులు వాన పట్టింది. రెండో రోజు రాత్రి మామ కాలువ గట్టున టార్చిలైటుతో నిలబడి నాకు వీడియో తీసి పంపాడు. చీకటి, వాన చప్పుడు, ఏమీ కనబడదు, ‘వస్తా ఉంది, వస్తా ఉంది’ అన్న మాట ఒక్కటే వినబడుతుంది. తమ్ముడు దాన్ని ఎన్నిసార్లు చూశాడో.

అరవైలో యాభై ఒకటి బతికి ఉన్నాయి. తొమ్మిది మేకల పాలయ్యాయి. చెరువు మరవకు ఇంకా రెండు అడుగులు తక్కువ ఉందట.

---

నల్లరేగడి | నవంబరు 21

యాభై ఒకటి! మా ఊరి రెండు వేల కంటే ఎక్కువే. పోయిన తొమ్మిదీ మళ్లీ నాటించండి, ఈసారి కంప ఎత్తుగా కట్టమనండి. ఇంతకీ ఆ మేకలు ఎవరివో తేలిందా?

---

మాలతి_బద్వేలు | నవంబరు 22

తేలింది. మా చిన్నాన్నవి.